పద్నాలుగు నిమిషాలు

లిఫ్టు తలుపు మీద కాగితం అంటించి ఉంది.

‘మెకానిక్ గైర్హాజరు కారణంగా లిఫ్టు పనిచేయడం లేదు. అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఇట్లు, సెక్రటరీ.’

అతను రెండుసార్లు చదివాడు. రెండోసారికి చెవుల వెనక వేడెక్కింది.

గైర్హాజరు. కిందటి మంగళవారం, ఇదే భవనం టెర్రస్ మీది మెషిన్ రూములో, అతనికి లిఫ్టు పని నేర్పిన గురువు గోడకి చేరగిలబడి ప్రాణం వదిలాడు. డాక్టర్లు గుండె అన్నారు. మర్నాడు అంత్యక్రియలు అయిపోయాయి. ఇవాళ సోమవారం. ఇరవై రెండేళ్లలో ఒక్కపూట కూడా చెప్పకుండా మానని మనిషి, చచ్చిపోయినందుకు గైర్హాజరయ్యాడు.

అతను కాగితం అంచు పట్టుకుని లాగాడు. సగమే వచ్చింది. మిగతా సగం జిగురుకి అతుక్కుపోయింది. గోళ్లతో గీకాడు. గోరు విరిగింది. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి గీకాడు. కాగితంతో పాటు తలుపు రంగు కూడా పెచ్చులుగా లేచింది.

“ఏవండీ, అది నేను పెట్టిన నోటీసు,” అని వెనకనుంచి వినపడింది.

సెక్రటరీ. ఐదో అంతస్తు నుంచి మెట్లు దిగివచ్చి ఆయాసపడుతున్నాడు. చెడ్డవాడేం కాదు. ఎనిమిది అంతస్తుల వాళ్లూ వారంగా తన తలుపే కొడుతున్నారని, ఏడో అంతస్తులో ఒక పెద్దావిడ ఆరు రోజులుగా గడప దాటలేదని చెప్పుకొచ్చాడు. చావు కబురు లిఫ్టు తలుపు మీద పెడితే బాగుండదని, అందుకే కాస్త మర్యాదగా రాశానని అన్నాడు.

“మర్యాదా?” అన్నాడు అతను. “మీకు జడుపు రాకూడదని ఆయన్ని సెలవులో పెట్టారా?”

“అది కాదండీ...”

“రేపు మీ ఇంట్లో ఎవరైనా పోతే కూడా ఇలాగే రాయండి. గైర్హాజరని.”

సెక్రటరీ ముఖం మాడిపోయింది. పక్కకి వెళ్లి ఫోను తీశాడు. ఆఫీసుకే చేస్తున్నాడని అతనికి తెలుసు. చేసుకోనీ అనుకున్నాడు.

ఆఫీసులో అతన్ని మిరపకాయ అంటారు. పేరు పెట్టింది గురువే. మావాణ్ణి కొరికితే తప్ప ఘాటు తెలీదని కొత్తవాళ్లకి చెప్పి నవ్వేవాడు. ఈ వారం రోజులుగా కొరకనివాళ్లకి కూడా తెలుస్తోంది.

సంచి భుజాన వేసుకుని మెట్లెక్కుతుండగా జేబులో ఫోను కంపించింది. వదిన. గురువు భార్య. మోగి మోగి ఆగింది. వెంటనే మెసేజ్ వచ్చింది. ‘ఆ రోజు ఏం జరిగిందో నీ నోటితో వినాలి.’ అంత్యక్రియల మర్నాటి నుంచి రోజూ అదే మాట పంపుతోంది. రోజూ రెండుసార్లు ఫోను చేస్తోంది. అతను ఒక్కసారి కూడా తియ్యలేదు.

ఏం జరిగిందో ఈ లోకంలో అతనికొక్కడికే తెలుసు. అదే అతని బాధ.

*

కొత్త జతగాణ్ణి వేరే బ్రాంచి నుంచి పంపారు. యాభై దాటిన మనిషి. బట్టతల, పెద్ద చెవులు. టెర్రస్ మెట్ల దగ్గర నిలబడి, మెషిన్ రూములో ఎవరుంటారని అడిగాడు. నువ్వే అన్నాడు అతను. ఆ గుమ్మం తొక్కే ఉద్దేశం అతనికి లేదు. ఎనిమిదో అంతస్తు తలుపు తెరిచి, లిఫ్టు పెట్టె పైకప్పు మీదికి దిగాడు.

పని కిందటి మంగళవారం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, పెట్టెని మాత్రం ఎవరో ఎనిమిదో అంతస్తుకి చేర్చి ఉంచారు. పైన మోటారు వైరింగు మారుస్తున్నారు కాబట్టి కరెంటు తీసేశారు. కరెంటు లేనప్పుడు లిఫ్టు కదలాలంటే మనిషి చెయ్యే గతి. మెషిన్ రూములో ఉన్నవాడు బ్రేకు లివరు ఎత్తిపట్టి, మోటారు చక్రాన్ని చేత్తో తిప్పుతాడు. పెట్టె అంగుళం అంగుళం జారుతుంది. పైకప్పు మీద కూర్చున్నవాడు పట్టాలని పట్టుకుని జారే షూలని ఒక్కొక్కటీ విప్పి, అరిగిన లైనింగు తీసి కొత్తది బిగిస్తాడు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఉక్కుతాళ్లు దిగే కంత ఒక్కటే. లిఫ్టు దిగే ఆ గొయ్యిలో ఫోను పలకదు. గొంతే పలకాలి.

అందుకే ఈ వృత్తిలో ఒక రూలుంది. కింద ఉన్నవాడు మాట చెబుతాడు. పైన ఉన్నవాడు అదే మాట తిరిగి చెబుతాడు. ఆ తర్వాతే చక్రం తిరుగుతుంది. మాట తిరిగి రాకపోతే కిందివాడు స్టాప్ బటన్ నొక్కి, కదలకుండా కూర్చోవాలి. ఎందుకంటే పైవాడు సగం విని చక్రం తిప్పితే, కిందివాడి చెయ్యో కాలో పట్టాకీ పెట్టెకీ మధ్య నలుగుతుంది. అలా నలిగిన చేతులు అతను చూశాడు.

“కిందికి, ఒక అడుగు,” అని అరిచాడు.

పైనుంచి ఏమీ రాలేదు. ఒక్క క్షణం. “కిందికి!” అని మళ్లీ అరిచాడు. గొంతు చీలింది.

“కిందికి, ఒక అడుగు,” అంది పై గొంతు. “ఇదిగో తిప్పుతున్నా. అబ్బో, ఈ చక్రం మా కోడలికన్నా మొండిదిలా ఉందే. వచ్చిందా? చాలా?”

“చాలు.”

“చాలు. ఆపేశా. లివరు వదిలా. ఇక్కడ కిటికీలో పావురం గూడు పెట్టింది, చూశావా? రెండు గుడ్లు. తల్లి నన్ను చూసి ఒక్కటే గుర్రు.”

అక్కణ్ణుంచి ఆ మనిషి నోరు మూతపడలేదు. కోడలి గురక, తన మోకాలు, టెర్రస్ మీద ఎండేసిన ఎవరివో చారల లుంగీలు, అన్నీ తాళ్ల కంతలోంచి జారుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా అతను ఆ మనిషికి రేడియో అని పేరు పెట్టేశాడు, మనసులోనే. అది ఆగితే బాగుండునని పళ్లు నూరుకుంటూ బోల్టులు బిగించాడు. ఒక బోల్టు అవసరానికి మించి బిగించి దాని తల తెంపేశాడు.

ఏడో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్యకి వచ్చాక చేతులు నెమ్మదించాయి. ఇక్కడే.

కిందటి మంగళవారం, పదకొండూ నలభై. ఆకలేస్తోందని అంతకుముందే గడియారం చూసుకున్నాడు. కిందికి ఒక అడుగు అన్నాడు. మాట తిరిగి రాలేదు. మళ్లీ అన్నాడు. రాలేదు. స్టాప్ నొక్కి కూర్చున్నాడు. గురువు టీకి వెళ్లాడనుకున్నాడు, కావాలని ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు. ఏడో అంతస్తు తలుపు గడి తల పైన చెయ్యెత్తితే అందేటంత ఎత్తులోనే ఉంది. చెయ్యెత్తలేదు. కూర్చుని అరిచాడు. ఏమేం అరిచాడో ప్రతి మాటా గుర్తుంది. పదకొండూ యాభై నాలుక్కి విసుగొచ్చి గడి లాగి పైకెక్కాడు.

పద్నాలుగు నిమిషాలు.

డాక్టరుకి రెండు నిమిషాలని చెప్పాడు. సూపర్‌వైజర్ కాగితంలో ‘సుమారు రెండు నిమిషాలు’ అని రాసుకున్నాడు. వదినకి సూపర్‌వైజరే అది చదివి వినిపించాడు. అబద్ధానికి సుమారు అనే మాట భలే కుదురుతుంది.

*

నాలుగింటికి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సూపర్‌వైజర్ బల్ల మీద రెండు కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. సెక్రటరీ ఫిర్యాదు గురించి ముందు మాట్లాడాడు. బుధవారంలోగా క్షమాపణ ఉత్తరం రాసివ్వాలన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నీ బాధ నాకు తెలుసు, నాలుగు రోజులు సెలవు తీసుకో అని ఫారం జరిపాడు.

సెలవు ఫారంలో చనిపోయిన వ్యక్తితో బంధుత్వం అని ఉంది. పక్కన గళ్లు. భార్య లేక భర్త, తల్లి, తండ్రి, సంతానం, తోబుట్టువు. అంతే. గళ్లు అయిపోయాయి.

“అన్న అని పెట్టెయ్యి,” అన్నాడు సూపర్‌వైజర్. “నేను పాస్ చేస్తా. ఎవరు చూడొచ్చారు?”

“అన్న కాదు.”

“ఊరికే రాయవయ్యా.”

“మా అన్నని ఏడాదికి రెండుసార్లు చూస్తాను. ఈయన చేతిలో ఇరవై రెండేళ్లు రోజూ నా ప్రాణం పెట్టి పని చేశాను. దానికి గడి లేదా మీ దగ్గర?”

సూపర్‌వైజర్ రెండో కాగితం తీశాడు. హెడ్డాఫీసు పంపిందట, సిబ్బంది సంక్షేమం కోసం. నున్నటి కాగితం, మూల మీద పువ్వు బొమ్మ. ‘దుఃఖాన్ని దాటే ఏడు మెట్లు.’ మొదటిది నమ్మలేకపోవడం. రెండోది కోపం. ఏడోదానికి చేరితే మనశ్శాంతి.

అతను చివరిదాకా చదివాడు. చదివేకొద్దీ ఒళ్లు మండింది. వారం రోజులుగా తను పడుతున్నదానికి ఎవరో ఎక్కడో కూర్చుని ముందే అంకె వేసేశారు. రెండో నంబరు. క్యూలో నిలబడితే మూడోది వస్తుంది.

“లిఫ్టు వాళ్లకి మెట్లెక్కమని చెబుతున్నారు,” అన్నాడు. సూపర్‌వైజర్‌కి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. అతను ఫారాన్నీ పువ్వు కాగితాన్నీ బల్ల మీదే వదిలి బయటికొచ్చాడు.

లైనింగులు తీసుకోడానికి స్టోరుకి వెళ్తే, స్టోర్ అక్క గ్రిల్ వెనకనుంచి కొత్త జత ఎలా ఉన్నాడని అడిగింది. ఆ మనిషి వచ్చిన బ్రాంచిలోనే పదేళ్లు చేసింది ఆవిడ. వాగుడుకాయ అన్నాడు అతను. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒక్క నిమిషం నోరు ముయ్యలేదన్నాడు.

అక్క లెక్కపెడుతున్న లైనింగులు ఆపి అతని ముఖంలోకి చూసింది. “ఆయనా? అక్కడ ఆయన్ని మౌనిబాబా అనేవాళ్లం. నాకు బదిలీ అయినప్పుడు వీడ్కోలు సభలో కూడా ‘థాంక్స్’ ఒక్కటే అన్నాడు. మనిషిని పొరబడ్డావేమో చూసుకో.”

తన మీద జోకులు వేస్తున్నారనుకుని అతను సామాను లాక్కుని వచ్చేశాడు.

*

మంగళవారం. పొద్దున్నే అతను టెర్రస్ మెట్ల దగ్గర రేడియోని ఆపాడు. ఇవాళ నేను చెప్పిన మాట తిరిగి చెప్పు, అది చాలు, ఇంకొక్క మాట ఎక్కువైనా పని వదిలేసి పోతానన్నాడు. ఆ మనిషి తల గోక్కుని, సరే అన్నాడు.

నిజంగానే సరే. కిందికి అంటే కిందికి. చాలు అంటే చాలు. గొయ్యి నిశ్శబ్దంగా ఉంది. దీపం చుట్టూ నూనె వాసన. అతను షూ విప్పాడు, లైనింగు మందం కొలిచాడు, కొత్తది దూర్చాడు. వారం తర్వాత మొదటిసారి ప్రశాంతంగా ఉందని తనకి తను చెప్పుకున్నాడు. అలా చెప్పుకుంటూ మూడుసార్లు తలెత్తి కంతవైపు చూశాడు.

పదకొండు దాటింది. పెట్టెని మళ్లీ ఏడో అంతస్తు దగ్గరికి తెచ్చారు, నిన్న తల తెగిన బోల్టు మార్చడానికి. మార్చాడు. దీపం పక్కకి జరిపాడు.

“కిందికి, ఒక అడుగు.”

మాట తిరిగి రాలేదు.

ఈసారి అతను రెండోసారి పిలవలేదు. ఎడమచెయ్యి స్టాప్ నొక్కేలోపే కుడిచెయ్యి తల పైన గడి మీద ఉంది. లాగాడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. భుజం దూర్చాడు, మోచెయ్యి చెక్కుకుపోయింది, పాక్కుంటూ వరండాలో పడ్డాడు. మెట్లు. ఎనిమిదో అంతస్తు. మళ్లీ మెట్లు. టెర్రస్. ఎండ. ఇనప తలుపు. కాలితో తన్నాడు.

రేడియో మూల కుళాయి దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. ఒక కన్ను మూసి, నీళ్లు చల్లుకుంటున్నాడు.

“కంట్లో తుప్పు పడింది,” అన్నాడు. “నువ్వు పిలిచావు, విన్నాను. లివరు వదిలేసి వచ్చా. గట్టిగా తిరిగి చెబుదామనుకునేలోపే...” తెరిచి ఉన్న కంటితో అతన్ని ఎగాదిగా చూశాడు. “అప్పుడే వచ్చేశావా? నలభై సెకన్లు కూడా పట్టలేదే. కాళ్లకి స్ప్రింగులున్నాయా?”

నలభై సెకన్లు.

అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. ఎదురుగా ఆ గోడ. కింద నేల ఎవరో ఫినాయిలు వేసి కడిగారు. నలభై సెకన్లు. పద్నాలుగు నిమిషాల్లో నలభై సెకన్లు ఇరవై ఒక్కసార్లు పడతాయి. ఇరవై ఒక్కసార్లు రాగలిగేవాడు. ఒక్కసారీ రాలేదు.

“నోట్లో మాట పడిపోయిందా నీకు?” అని అరిచాడు. “నిన్న వాగినవాడివి ఇవాళ ఏమైంది?”

“వాగొద్దని నువ్వేగా అన్నావు.”

“నిన్న ఎందుకు వాగావు మరి? నువ్వు మౌనిబాబావట కదా.”

ఆ మనిషి కన్ను తుడుచుకున్నాడు. చెప్పాలా వద్దా అని ఆలోచించాడు. “నిన్న మొదటిసారి పిలిచినప్పుడు జవాబివ్వడం ఒక్క క్షణం లేటయింది. రెండోసారి పిలిచావు చూడు, ఆ గొంతు విన్నాను. మనిషి గొంతు కాదది. ఇక్కడ ఏం జరిగిందో నాకు చెప్పే పంపారు. మాట్లాడుతూ ఉంటే పైన నేను బతికే ఉన్నానని నీకు తెలుస్తూ ఉంటుంది కదా అని.” సిగ్గుపడ్డట్టు చెవి రుద్దుకున్నాడు. “మాట్లాడడం నాకు చేతకాదు. రాత్రి ఇంట్లో కూర్చుని ఇవాళ్టికి ఏం చెప్పాలా అని రాసుకున్నాను కూడా.”

జేబులోంచి మడత కాగితం తీసి చూపించాడు. నిజంగానే రాసుకున్నాడు. అతను దాన్ని చూశాడు. కోపం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. సెక్రటరీ మీదా కుదరలేదు, సూపర్‌వైజర్ మీదా కుదరలేదు. ఈ మనిషి మీదయితే అసలు కుదరదు. అసలు తన మీదే పుట్టిన కోపం తన దగ్గరికే తిరిగొచ్చి, గుండె మీద బోర్లా పడుకుంది.

మిగతా పని ఇద్దరూ కలిసి చేశారు. సాయంత్రం నాలుగింటికి కరెంటు వేశారు. లిఫ్టు ఎనిమిది అంతస్తులూ చప్పుడు లేకుండా దిగింది. ఏడో అంతస్తు పెద్దావిడ మొదట ఎక్కింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా అతను మెట్లమీదుగా దిగి వెళ్లిపోయాడు.

*

బుధవారం పొద్దున్నే సూపర్‌వైజర్ బల్ల మీద ఉత్తరం పెట్టాడు. ‘తిట్టినందుకు క్షమించండి. కాగితం చింపినందుకు కాదు.’ సూపర్‌వైజర్ చదివి తల పట్టుకునేలోపే సొంత పనుందని చెప్పి బయటపడ్డాడు.

వదిన కళ్లద్దాల దుకాణంలో పని చేస్తుంది. ముందు గాజు కౌంటరు, వెనక తెరచాటున చిన్న గది. అక్కడ సానచక్రం మీద అద్దాల్ని ఫ్రేముకి తగ్గట్టు అంచు అరగదీయడం ఆమె పని. ఐదోరోజే పనిలోకి వచ్చేసిందని నలుగురూ బుగ్గలు నొక్కుకున్నారు. ఆ మాట అతని చెవిన కూడా పడింది.

అతను తెర తొలగించాడు. చక్రం మీద నీటిచుక్కలు పడుతున్నాయి. ఆమె రెండు వేళ్ల మధ్య అద్దం పట్టుకుని తిప్పుతోంది. తలెత్తలేదు. చేతిలోని అద్దంలో నీడ చూసి ఉంటుంది.

“ఫోను పోయిందా?” అంది.

“లేదు.”

“చేతులు పడిపోయాయా?”

“లేదు వదినా.”

“మరి?”

కూర్చోమనలేదు. అతను నిలబడే చెప్పాడు. దారిలో అనుకున్న మాటలన్నీ పోయాయి. “నేను అందరికీ రెండు నిమిషాలని చెప్పాను. రెండు కాదు. పద్నాలుగు.”

చక్రం దగ్గర చిన్న చప్పుడైంది. అద్దం అంచు చిట్లింది. ఆమె మోటారు ఆపింది. చిట్లిన అద్దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, చెత్తబుట్టలో వేసింది.

“చెప్పు.”

చెప్పాడు. పిలవడం, మాట రాకపోవడం, స్టాప్ నొక్కి కూర్చోవడం. తల పైన గడి. నిన్నటి నలభై సెకన్లు. రూలు గురించి కూడా చెప్పాడు, ఆమెకది కొత్త కాకపోయినా. “పనిలో చేరిన మొదటి రోజు ఆయనే చెప్పాడు వదినా. ‘మాట తిరిగి రాకపోతే కదలకు. నేను చచ్చినా కదలకు.’ అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.”

ఆమె తడి చేతులు ఏప్రనుకి తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ తుడిచింది. చెంప మీద కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

“ఆ పద్నాలుగు నిమిషాలు రూలు ప్రకారం ఆగావు. సరే,” అంది. గొంతు పెరగలేదు. “ఈ ఎనిమిది రోజులు ఏ రూలు ప్రకారం ఆగావు?”

అతను తెర అంచు పట్టుకున్నాడు.

“రోజుకి రెండుసార్లు పిలిచాను. నీ నుంచి ఒక్క మాట తిరిగి రాలేదు. పద్నాలుగు నిమిషాలకే నీకు పిచ్చెక్కిందంటున్నావే, నాకెంత ఎక్కి ఉండాలి? ఇంట్లో అందరూ నన్ను తినమంటారు, పడుకోమంటారు, మర్చిపొమ్మంటారు. ఆయన ఆ పూట ఎలా ఉన్నాడో చెప్పగలిగేవాడివి నువ్వొక్కడివే. నువ్వేమో గడప తొక్కవు. నీకు సిగ్గయిందని నేను గోడలతో మాట్లాడుకోవాలా?”

వారం రోజులుగా అతను ఊరంతా మోసుకు తిరిగిన కోపం ఆమె దగ్గర ఇంత నిటారుగా నిలబడుతుందని అనుకోలేదు.

“తప్పే వదినా.”

“తప్పే. క్షమించమని మాత్రం అడగకు. ఇవాళ నా దగ్గర అది లేదు. ఉందని అబద్ధం చెప్పలేను.” కాలితో స్టూలు ముందుకి తోసింది. “కూర్చో. మళ్లీ చెప్పు, మొదటి నిమిషం నుంచి. మధ్యలో ఏదో మింగేశావు. ఈసారి మింగకు.”

అతను కూర్చున్నాడు. ఆమె డ్రాయర్‌లోంచి ఇంకో అద్దం తీసింది. దాని మీద సిరాతో గుర్తు పెట్టి, ఫ్రేము ఆనించి చూసుకుని, మోటారు వేసింది. మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన జత అది.

మొదటి నిమిషంలో రెండుసార్లు పిలిచానన్నాడు. పొద్దున గురువు ఏం మాట్లాడాడని ఆమె అడిగింది. కొత్త బూట్లు కరుస్తున్నాయన్నాడని చెప్పాడు. ఛాతీ సంగతి ఏమైనా అన్నాడా అంది. అనలేదు, నిజంగా అనలేదన్నాడు. రెండో నిమిషంలో పైకప్పు దూలం మీద కూర్చున్నాను, కాళ్లు తిమ్మిరెక్కాయన్నాడు. మూడో నిమిషం దగ్గర ఆగాడు.

“అప్పుడేమన్నావు?”

“వద్దు వదినా.”

“నేను వినలేనా, నువ్వు అనలేవా?”

అతను నేలవైపు చూశాడు. “‘ముసలి పీనుగా, నిద్రపోయావా’ అన్నాను. గట్టిగా.”

చక్రం తిరుగుతూనే ఉంది. అద్దం పట్టుకున్న వేళ్లు ఆగలేదు. ఆమె పెదవి ఒక పక్కకి లాగింది. నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు. చేతులు తడిగా ఉన్నాయని మోచేత్తో ముఖం రుద్దుకుంది.

“నెలకి నాలుగుసార్లు నేనూ అదే అనేదాన్ని,” అంది. “టీవీ ముందు. వింటే నవ్వేవాడు. ఆ రోజు విన్నాడో లేదో నీకు తెలీదు. నాకూ తెలీదు. ఎంత తవ్వినా తెలిసేది కాదు. ఇంకా ఏమన్నావు?”

ముందు గదిలో తలుపు గంట మోగింది. ఎవరో పెద్దాయన తెర పక్కనుంచి తొంగిచూశాడు. చేతిలో రసీదు. తన అద్దాలు ఇవాళ ఇస్తామన్నారని, బయట మనవడు బండి మీద ఆగి ఉన్నాడని అన్నాడు. స్టూలు మీద కూర్చున్న మనిషి కళ్లు చూసి మాట మధ్యలో ఆపేశాడు.

“మీవే చేస్తున్నానండీ,” అంది ఆమె. “ఒకటి నా చేతిలో చిట్లింది, మళ్లీ మొదలుపెట్టాను. పావుగంట కూర్చోండి. మా ఇద్దరి మనిషి ఒకాయన పోయాడు. చెప్పుకుంటున్నాం.”

పెద్దాయన అలాగేనమ్మా అని, బయట మనవడికి చెయ్యూపి, కౌంటరు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె అద్దాన్ని నీళ్లలో ముంచి మళ్లీ చక్రానికి ఆనించింది. అతను చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నాలుగో నిమిషం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.